ఇల్లాలికి ఇల్లు

పోతినమల్లయ్యపాలెమున క్రికెట్టు మైదానము వెలసి, ఋషికొండపై ఐ.టి. సంస్థలు నెలకొని, జాతీయ రహదారి కిరువైపుల అపార్టుమెంట్లు లేచిన పిమ్మట, మా మధురవాడలో గజము ధర చెప్పువాడును వినువాడును ఒకింత గొంతు తగ్గించుకొనవలసిన కాలము వచ్చినది. ఉక్కు కర్మాగారములో కొలువు చేసిన దినములలో జీతమున మిగిల్చిన సొమ్ముతోను, బ్యాంకు అప్పుతోను నేను కట్టించిన ఇల్లే నేడు మా ఆస్తిలో ముప్పాతిక భాగమునకు మించినదగుటచే, నా యనంతరము దాని గతి యేమన్న ప్రశ్న ఉద్యోగ విరమణానంతరము నన్ను వీడకుండెను.

వీలునామా వ్రాయకున్నచో ఏమగునో మొదట విచారించితిని. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి పురుషుని స్వార్జితము భార్యకును, కుమారులకును, కుమార్తెలకును, తల్లి జీవించియున్నచో ఆమెకును సమభాగములుగా సంక్రమించును. తండ్రికి ఆ మొదటి వరుసలో తావు లేదు. మా తల్లిగారు గతించిరి గనుక లెక్క మూడు భాగములకు తేలినది. చూచుటకిది ధర్మముగనే యున్నది. కాని నా భార్య తానేలిన యింటిలో మూడవ వంతునకు మాత్రమే యజమానురాలై, ఏ వైద్యావసరమునకో దానిని అమ్మదలచినను, గాజువాకలోని కూతురి సంతకమునకును, అమెరికాలోని కుమారుడు అచటి భారత కాన్సులేటులో ధ్రువపరపించి పంపవలసిన పవరాఫ్ అటార్నీకిని ఎదురుచూడవలసియుండును. పిల్లలు మంచివారే, కాని మంచివారి సంతకములును ఆలస్యముగా రావచ్చును.

ఇప్పుడే పిల్లల పేర సెటిల్మెంటు వ్రాసివేయుమని కాలనీలోని పెద్దలు కొందరు హితవు చెప్పిరి. రిజిస్టరైన దానము మనసు మారినంత మాత్రమున తిరిగి రాదు. పోషింపవలెనన్న షరతుతో ఇచ్చి, ఆ షరతు తప్పినపుడు మాత్రము 2007 నాటి వయోవృద్ధుల సంరక్షణ చట్టము ఆదుకొనును. పిల్లలపై ఫిర్యాదు చేసికొను హక్కును కొనుటకై ఇల్లు ఇచ్చివేయుట నాకు రుచింపలేదు.

నిజమైన సంశయము వేరొకచోట కలిగెను. దస్తావేజు లేఖకుడు సిద్ధపరచిన చిత్తులో, మన ప్రాంతమున తరతరములుగా వాడుకలోనున్న రీతినే, భార్య జీవితకాలము అనుభవింపవలెననియు, అన్యాక్రాంతము చేయరాదనియు, ఆమె తదనంతరము పిల్లలు సర్వహక్కులతో పొందవలెననియు ఉండెను. ఆ వాక్యము నాకు తులశమ్మ వ్యాజ్యమును స్మరణకు తెచ్చినది. నెల్లూరు ప్రాంతపు ఆ తెలుగు వితంతువు 1931లో భర్తను కోల్పోయి, భరణమునకై మరిదిపై దావా వేయగా, 1949లో కుదిరిన రాజీలో జీవితకాలానుభవమునకు మాత్రమే కొంత ఆస్తి నిచ్చిరి. ఆమె దానిలో కొంత అన్యాక్రాంతము చేయగా 1961లో మరిది దావా తెచ్చెను. ఆ తగవు సుప్రీంకోర్టుదాక పోయి, 1977లో గాని ఆమె సంపూర్ణ హక్కుదారు అని తేలలేదు. భరణపు హక్కునకు బదులుగా వచ్చినది గనుక హిందూ వారసత్వ చట్టపు 14వ సెక్షను మొదటి ఉపవిభాగము ఆమెను గట్టెక్కించెను. పాత హక్కేదియు లేక వీలునామా వలన క్రొత్తగా వచ్చినదైనచో రెండవ ఉపవిభాగము ఆ పరిమితినే నిలుపును. ఏది పాత హక్కు, ఏది క్రొత్త యీవి యన్నదానిపై నేటికిని న్యాయవాదులకు పని దొరకుచునే యున్నది. నా భార్యకును నా బిడ్డలకును నడుమ అట్టి వ్యాజ్యబీజమును నా చేతులార నాటుటయా?

చిత్తు చదివి వినిపించితిని. “ఇచ్చినట్టే ఇచ్చి కాళ్లు కట్టేస్తే ఎలాగండీ?” అని మాత్రము ఆమె యనెను. ఆ వాక్యమును కొట్టివేసి, ఇల్లు ఆమెకు సర్వహక్కులతోను, నాకంటె ముందే ఆమె గతించినచో పిల్లలిద్దరికిని సమముగాను చెందునట్లు తిరుగ వ్రాయించితిని. కుమారుడు ఫోనులో విని, అమ్మ ఎవరికైన ఇచ్చివేసినచో నేమి యని నవ్వుచు అడిగెను. ఇచ్చివేయుటయే హక్కు అని బదులు చెప్పితిని.

తక్కినది సులభము. వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరియు కాదు. ఇద్దరు సాక్షులు మాత్రము ఉండితీరవలెను. వివాదము వచ్చినచో వారిలో ఒకరైనను న్యాయస్థానమున సాక్ష్యమీయవలెను గనుక, నా యీడు మిత్రులను విడిచి, ఆస్తితో సంబంధము లేని, వయసులో చిన్నవారిని ఎన్నుకొంటిని; మిత్రులు కొంత నొచ్చుకొనిరి. చట్టము కోరకున్నను మధురవాడ సబ్ రిజిస్ట్రారు కచేరీలో రిజిస్టరు చేయించితిని. మార్చదలచినచో మరియొకటి వ్రాయవచ్చును, చివరిదే చెల్లును.

డిపాజిట్లకు నామినీ ఉండగా వీలునామా ఏల యని అడుగువారు మా కాలనీలో పలువురు గలరు. బ్యాంకులో నామినీ సొమ్ము పుచ్చుకొనువాడే గాని, వారసులను త్రోసిరాజను యజమాని కాడు. బీమా నామినీ విషయమున సుప్రీంకోర్టు 1983లో సర్బతీదేవి కేసులో ఈ మాటయే చెప్పెను. 2015 సవరణ పిదప భార్యాబిడ్డలో తలిదండ్రులో నామినీలైనచో బీమా ధనము వారిదే యగును. 2025 నవంబరు నుండి ఒక డిపాజిటునకు నలుగురిని నామినీలుగా పెట్టవచ్చును. నేను నామినీగను వీలునామాలోను భార్య పేరే యుంచితిని. రెండు కాగితములు రెండు మాటలాడరాదు గదా.

ఇంతలో ఆమెయు తన వీలునామా వ్రాయించినది. పసుపు-కుంకుమల క్రింద పుట్టింటివారిచ్చిన మెట్టభూమి పద్మనాభము ప్రక్క ఆమెకు కొంత కలదు. అది సంపూర్ణముగా కూతురికే. అందులో నా పేరు భర్తగా తప్ప మరెచ్చటను లేదు, కారణ మడుగుటకు నాకు నోరాడలేదు.