కాళ్ళు ముడుచుకుని

మా అమ్మ ఊరు దాటిందంటే కూలికే దాటింది. చిలకలూరిపేట చుట్టుపక్కల ఆమె పత్తి తియ్యని చేను, మిరపకాయలు కొయ్యని చేను తక్కువ. సంక్రాంతి వెళ్ళగానే మాదిగపల్లె ముందు ట్రాక్టరు ఆగేది. సద్దిగిన్నె, నీళ్ళ టిన్ను, మీద కప్పుకోడానికి ఓ పాత చొక్కా. పర్చూరు, ఇంకొల్లు వైపు పోతే పదేసి రోజులు చేలగట్ల మీద పాకలేసుకుని అక్కడే. పిల్లలం మేమూ పోయేవాళ్ళం. ఆ ట్రాక్టరు ఎక్కడమే మాకు షికారు. సెలవులయ్యాక బళ్ళో పిల్లలు తిరుపతి పోయొచ్చాం, హైదరాబాదులో చార్మినారు చూశాం అని చెప్పుకుంటుంటే, నేను కల్లాల్లో కాయలు ఎండబోయటం గురించి, తొడిమలు తీసి తీసి రాత్రి చేతులు మండితే నిద్రపట్టకపోవటం గురించి చెప్పేదాన్ని. ఎవరూ వినేవాళ్ళు కాదు. అదేం చూసొచ్చిన ఊరు కాదు కదా.

కోటప్పకొండ తిరునాళ్ళకి ప్రభలు పోతుంటే రోడ్డు పక్కన నిలబడి చూశాం. సినిమాకి ఏడాదికోసారి. సినిమాకి పంపేటప్పుడు అమ్మ ఒకటే మాట చెప్పేది: "కాళ్ళు ముడుచుకోని కూచోండి. ముందు సీటుకి తగలనీయబాకండి."

ఆ మాట వెనక ఏముందో నాకు డిగ్రీ చదివేటప్పుడుగానీ తెలియలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. గొడవ మొదలైంది సినిమా హాల్లో, కాలు తగిలిందని. అప్పటికి నాకు మూడేళ్ళు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చుండూరు మాకు దగ్గరేం కాదు, మధ్యలో గుంటూరు, తెనాలి ఉన్నాయి. కానీ ఆ కాలు మా ఇంటిదాకా వచ్చింది. పంతులమ్మనయ్యాక కూడా బస్సులో నా కాళ్ళు వాటంతటవే సీటు కిందికి పోతాయి.

ఇక్కడ రాయబోయేది 2023 ఎండాకాలం సంగతి. మా చెల్లెలు నర్సు. గుంటూరులో చదివి, కరోనా వచ్చి తగ్గాక అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులవాళ్ళు మన నర్సుల్ని తీసుకుంటుంటే పరీక్షలు రాసి లండన్ పోయింది. "అమ్మని తీసుకుని రా అక్కా, ఒక్కసారి చూడటానికి రండి" అని ఏడాదిగా పోరు. చూడటానికి! మా ఇంట్లో ఆ మాటకి అర్థమే కొత్త.

నేను ప్రభుత్వ టీచర్ని గనక పై అధికారుల అనుమతికి ఫైలు కదిలించటం ఒక ఎత్తు. అమ్మ వేలిముద్రలు ఒక ఎత్తు. వీసా కౌంటర్లో మిషను మీద వేళ్ళు పెడితే గీతలు పడవు. తుడిచి పెట్టమన్నారు, తడిచేసి పెట్టమన్నారు, నొక్కి పెట్టమన్నారు. నలభై ఏళ్ళు మిరపకాయ తొడిమలూ పత్తికాయల ముళ్ళూ అరగదీసిన వేళ్ళవి. రేషను షాపులోనూ ఇదే తంతు. ఆ కుర్రాడు ఓపిక్కలవాడు, ఏడోసారికో ఎనిమిదోసారికో వచ్చింది. "నాయనా, నా ఏళ్ళు నేను పొలాల్లోనే వొదిలేసి వచ్చా" అంది అమ్మ. అతను నవ్వాడు.

మే నెల మధ్యలో అమ్మ, నేను, ఎనిమిదేళ్ళ మా అబ్బాయి లండన్లో దిగాం. చెల్లెలుండేది ఈస్ట్ హామ్. అమ్మకి పరాయి దేశమనిపించనే లేదు. వీధి నిండా దోసె హోటళ్ళు, చీరల కొట్లు, మునక్కాడలు, కరివేపాకు. ఒక కొట్లో ఎండుమిరపకాయల పొట్లం తీసుకుని, చిన్న చిల్లులోంచి వాసన చూసి, "ఇది తేజ" అంది. కొట్టతను నివ్వెరపోయాడు. వీధుల్లో ఇంకా జెండాల తోరణాలున్నాయి. మే 6న వాళ్ళ రాజుగారి పట్టాభిషేకం జరిగిందని చెల్లెలు చెప్పింది. "ఈళ్ళకింకా రాజులున్నారా? మనల్నేమో ఎనకబడినోళ్ళంటారు!" అంది అమ్మ.

వంతెనలు, గడియారపు గోపురం, రాణిగారి కోట, ఇవన్నీ చూశాం. వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. థేమ్స్ నది చూసి అమ్మ పెదవి విరిచింది, మన కృష్ణలో ఇది ఓ పాయ అంత లేదని. నేను చూసింది అమ్మని. రెండంతస్తుల బస్సులో పైన ముందు సీటు దొరికింది. ముందు ఎవరూ లేరు, అద్దం, దాని కింద రోడ్డు. అయినా అమ్మ కాళ్ళు ముడుచుకునే కూర్చుంది.

బ్రిటిష్ మ్యూజియానికి నేనే పట్టుబట్టి తీసుకుపోయాను. లోపలికి టిక్కెట్టు లేదు. అక్కడ 33ఎ అనే గదిలో అద్దాల అవతల మన అమరావతి స్తూపం రాళ్ళున్నాయి. ఒకటీ అరా కాదు, నూటికి పైగా. 1797లో కల్నల్ మెకంజీ వాటి సంగతి విని చూడబోయాడు. అప్పటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి రాజధాని మార్చుకుని, కొత్త కట్టడాలకి ఆ దిబ్బలోని రాళ్ళు తవ్వించాడు. కొన్ని పలకలు సున్నానికి కాల్చేశారు కూడా. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి పంపితే, 1859లో అవి ఓడెక్కి లండన్ చేరాయి. 1880లో ఈ మ్యూజియంలోకి వచ్చాయి.

నేనివన్నీ బళ్ళో పాఠం చెప్పినట్టు చెబుతున్నాను. అమ్మ వినటంలా, రాయిని చూస్తోంది. "ఇది మన నాపరాయే గదే" అంది. నిజమే. అది పల్నాటి సున్నపురాయి. మా ఇంట్లో గచ్చుకి పరిచిందీ ఆ జాతిదే. తర్వాత ఒక పొడుగాటి పలక దగ్గర ఆగింది. దానిమీద లావుపాటి పూలదండని వరసగా మనుషులు భుజాలమీద మోస్తున్నారు. బరువుకి దండ మధ్యమధ్య కిందికి ఒంగింది. "మోసేవోళ్ళు మనోళ్ళల్లే ఉన్నారు" అని, కాసేపటికి, "ఈ రాళ్ళు ఓడ దాకా మోసింది ఎవురంటా?" అని అడిగింది. నా పాఠంలో ఆ సంగతి లేదు. రాళ్ళు 'పంపారు', 'చేర్చారు', 'తరలించారు' అనే చదివాను, అలాగే చెప్పాను.

నేను మాత్రం ఆ గదిలో ఇంకొకటి వెతికాను. అమరావతి శాసనాల్లో ఒకటుందని చదివాను. తోలుపని చేసే విధికుడు అనేవాడు, ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు, తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకని స్తూపానికి దానమిచ్చాడు. తోలుపనివాణ్ణని రాతిమీద చెక్కించుకున్నాడు. మా తాత చెప్పులు కుట్టినవాడు. మోతుబరుల చెప్పులు కుట్టి, చేతిలో పట్టుకుని వాళ్ళ వాకిటి దాకా పోయి, తన చెప్పులు వీధి మొదట్లో విడిచినవాడు. ఆ పలక అక్కడ ఉందో లేదో, బ్రాహ్మీ అక్షరాలు నాకు రావు. ప్రతి రాయి దగ్గరా అక్షరాలున్నచోట నిలబడ్డాను.

ఆ ఆదివారం పార్కులో తెలుగు కుటుంబాలు కొన్ని భోజనాలకి కలుసుకున్నాయి. చెల్లెలు ముందురోజు రాత్రే చెప్పింది: "అమ్మా, ఎవరన్నా అడిగితే గుంటూరు అని చెప్పు, చాలు." అమ్మ తలూపింది. చెల్లెలు గోంగూర పచ్చడి, పులిహోర చేసుకొచ్చింది. గడ్డిమీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్నాం. ఒకామె అమ్మ పక్కన చేరింది. మంచి మనిషే, చల్లగా ఉందని తన శాలువా తీసి అమ్మకి కప్పింది.

"గుంటూరులో ఎక్కడండీ?" ఊరు చెప్పక తప్పలేదు. "అయ్యో, మా మేనత్తగారి ఊరేనండీ!" అని సంబరపడింది. ఇంటిపేరు అడిగింది. ఇంటిపేరుతో తేలలేదు. "ఊళ్ళో ఏ బజారండీ మీది? రామాలయం వైపా, చెరువుకట్ట వైపా?"

"అమ్మా, టీ పొయ్యనా?" అంటోంది చెల్లెలు.

అమ్మకి ఊరి మనిషి దొరికిన సంతోషంలో ఇంకేం గుర్తులేదు. "మాది మాదిగపల్లె తల్లీ. మీ మేనత్తగారి చేలో నేను ఎన్నేళ్ళు కాయలు కోశానో. బాగుండారా ఆమె? మోకాళ్ళ నొప్పులనేది, తగ్గినయ్యా?"

"ఆఁ, బాగానే ఉన్నారు" అంది ఆమె. నవ్వు మొహంమీద అట్లాగే ఉంది, మనిషి మాత్రం లేచింది. ఎవరూ ఏమీ అనలేదు. ఏమన్నా అంటే మనమూ అనొచ్చు. సాయంత్రం గోంగూర డబ్బా మూత తియ్యకుండానే మా సంచిలోకి తిరిగొచ్చింది. అందరం కలిసి వ్యాను మాట్లాడుకుని వచ్చే శనివారం బ్రైటన్ పోయి సముద్రం చూడాలని అనుకున్నాం. గురువారం రాత్రి మెసేజి వచ్చింది, సీట్లు సరిపోవడం లేదని. మావాడు వెయ్యాల్సిన బట్టలు అప్పటికే తీసి పెట్టుకున్నాడు.

ఆ రాత్రి చెల్లెలు అమ్మమీద అరిచింది. "నువ్వు పది రోజుల్లో పోతావు. నేనిక్కడ బతకాలి. ఈ ఇల్లు అద్దెకిచ్చింది వాళ్ళ చుట్టాలే తెలుసా? రేపు ఖాళీ చెయ్యమంటే?" అమ్మ తెల్లబోయింది. "అబద్ధం ఎట్టా చెప్పనే? ఆమె చేలోనే గదా మీ ఇద్దర్నీ ఉయ్యాలేసి పెంచింది" అంది. నేనేం మాట్లాడలేదు. చెల్లెల్ని తప్పుపట్టే హక్కు నాకెక్కడిది? మా మండలంలో చేరిన కొత్తలో అద్దె ఇంటి కోసం తిరుగుతూ మూడు చోట్ల నేనూ ఊరిపేరు దగ్గరే ఆగిపోయాను.

తిరిగొచ్చాక చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండులో సమానత్వ చట్టం 2010లో వచ్చింది. కుల వివక్షని కూడా అందులో చేర్చాలని 2013లో పార్లమెంటు చట్టం చేసింది. 2018లో అక్కడి ప్రభుత్వం, వేరే నిబంధన అక్కర్లేదు, ఇప్పటిదాకా వచ్చిన తీర్పులు చాలు అని ఆ పని మానుకుంది. మూత తియ్యని గోంగూర డబ్బాకి ఏ తీర్పు సరిపోతుందో నాకు తెలియదు.

శనివారం సముద్రం లేదు గనక చాక్ ఫార్మ్ స్టేషన్లో దిగి కింగ్ హెన్రీస్ రోడ్డులో 10వ నంబరు ఇంటికి పోయాం. చదువుకునే రోజుల్లో, 1921-22లో, అంబేడ్కర్ ఉన్న ఇల్లు. గోడకి నీలం పలక ఉంది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొన్నది. మ్యూజియంగా ఉంచటానికి స్థానిక కౌన్సిల్ ఒప్పుకోలేదు, జనం వచ్చిపోతుంటే గోలగా ఉందని పొరుగువాళ్ళు కొందరు ఫిర్యాదు చేశారు. విచారణ జరిగి 2020 మార్చిలో అనుమతి వచ్చింది. ఆ పొరుగువాళ్ళకి కులం గోల తెలియకపోవచ్చు. కానీ బాబాసాహెబ్ చచ్చిపోయి అరవై ఏళ్ళు దాటాక కూడా ఆయన ఇల్లు నిలబెట్టుకోడానికి విచారణ కావాల్సి వచ్చిందంటే నాకు నవ్వొచ్చింది.

అమ్మ చెప్పులు విడవబోతే వద్దని చెల్లెలే ఆపింది. రెండు రోజుల తర్వాత అమ్మతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

దగ్గర్లోనే ప్రిమ్రోజ్ హిల్ అనే గడ్డి గుట్ట. పైకెక్కి కూర్చుంటే ఊరంతా కనిపిస్తుంది. అక్కడ అమ్మకి బరోడా కథ చెప్పాను. అమెరికాలో, లండన్లో చదివి 1917లో ఉద్యోగానికి బరోడా వస్తే, అంబేడ్కర్‌కి ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఈ సంగతి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నాడు.

చెల్లెలు ఎటో చూస్తూ వింటోంది. "ఆయన కూడా పేరు మార్చి చెప్పాడా?" అంది.

"చెప్పాడు."

ఇంకేం అడగలేదు. సంచిలోంచి పెరుగన్నం డబ్బా తీసి అమ్మకి కలిపి పెట్టింది. మావాడు గుట్టమీదనుంచి దొర్లుకుంటూ కిందికి పోయి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దొర్లాడు. వాణ్ణి ఎవరిమీదా పడొద్దని అరవబోయి ఊరుకున్నాను.

జూన్ 12న బడి తెరిచే వేళకి ఇంటికొచ్చాం. చెల్లెలు సెప్టెంబరులో ఇల్లు మారింది. ఎందుకు మారిందో నేనడగలేదు, తనూ చెప్పలేదు.

జూలైలో ఒక ఆదివారం అమ్మ, "ఆ రాళ్ళ చోటు చూపించు" అంది. అమరావతి గుంటూరు నుంచి గంట ప్రయాణం. ఆ చుట్టుపక్కల చేలల్లో అమ్మ మూడేళ్ళు కాయలు కోసింది. 2006 జనవరిలో దలైలామా వచ్చి కాలచక్ర జరిపినప్పుడు, రోడ్డున పోయే ఎర్రబట్టల సన్యాసుల్ని చేలోనుంచి చూసిందట. ఊళ్ళోకి మాత్రం ఎన్నడూ పోలేదు. లండన్ పోయొచ్చాక అమరావతి పోయాం.

దీపాలదిన్నె అనేవాళ్ళు ఆ చోటుని. ఇప్పుడక్కడ గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని పలకలు, గడ్డి. మావాడు నిరాశపడ్డాడు. అమ్మ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, నీడలో ఒక బండమీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. పక్కనే నలుగురు ఆడవాళ్ళు గడ్డి కోస్తున్నారు. వాళ్ళలో ఒకామెని పిలిచి నీళ్ళ సీసా ఇచ్చి అడిగింది:

"రోజుకి ఎంతిస్తన్నారమ్మే?"