గుడారంలో పడక



కోతలు ముగిసి ధాన్యం ఇళ్లకు చేరాక మన పల్లెల్లో సువార్త మహాసభల కాలం వస్తుంది. కోసిన పొలంలోనో, బడి ఆవరణలోనో డేరాలు లేస్తాయి. మూడు నాలుగు రాత్రులు కుటుంబాలకు కుటుంబాలే అక్కడ బసచేస్తాయి. బక్త్‌సింగ్ గారు 1941లో మద్రాసులో ప్రారంభించిన పరిశుద్ధ సమాజకూటాల నుండి మన మండలంలో జరిగే చిన్న సభల వరకు, గుడారంలో పడుకోవడం మన ప్రజలకు కొత్త కాదు.

సభలకు ముందు నెలంతా వక్తల గురించి, మైకుసెట్టు గురించి, భోజనాల గురించి సంఘాలు ఆలోచిస్తాయి. పడక సంగతి మాత్రం "రెండు దుప్పట్లు తెచ్చుకోండి" అనే ప్రకటనతో ముగుస్తుంది. ఆ ఒక్క మాట చాలదు.

మా సంఘంలో డెబ్బై దాటిన ఒక విధవరాలున్నారు. ఒక జనవరి సభలో రాత్రి రెండు గంటలవేళ టార్చిలైటు పట్టుకుని డేరాల మధ్య తిరుగుతుంటే ఆమె కూర్చుని కనిపించారు. పక్కన మనవరాలు నిద్రపోతోంది.

"మామ్మా, ప్రార్థనలో ఉన్నారా?" అన్నాను.

"ప్రార్థన కాదయ్యగారూ, చలి. పైన రెండు దుప్పట్లున్నాయి. కింద నేల లాగేస్తోంది" అన్నారు.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మన ఒంటి వేడిని చల్లని నేల తనలోకి తీసుకుంటుంది. కింద పరచినది మన బరువుకు అణిగిపోతే అందులో గాలి మిగలదు, వేడి నిలవదు. పక్కనే ఉన్న గడ్డివాము మా సంఘస్థునిదే. ఆయనను అడిగి ఇద్దరు యవ్వనస్థులు రెండు మోపుల ఎండు వరిగడ్డి తెచ్చి ఆమె చాప కింద పరిచారు. మర్నాడు ఆమె "వేకువ ప్రార్థన గంట కూడా వినబడలేదయ్యగారూ" అంటే, "ఆ నిద్ర కూడా ప్రభువు ఇచ్చినదే మామ్మా" అన్నాను.

కనుక పడకను కింది నుండి కట్టుకుంటూ రావాలి. ముందు కాస్త మెరకగా ఉన్న చోటు చూసుకుని, రాళ్లు, వరి కొయ్యకాళ్లు తీసేసి చదును చేయాలి. నేల చెమ్మ పైకి రాకుండా టార్పాలిన్ పట్టా వేయాలి. దానిమీద జానెడు మందాన ఎండుగడ్డి పరిస్తే పడుకున్నాక సగానికి అణుగుతుంది. గడ్డి చెదిరిపోకుండా గోనెసంచుల్లో కూరి మూతి కుడితే ఇంకా మంచిది. ఆపైన చాప, దానిమీద బొంతగాని జంపఖానాగాని. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా వంటి దళసరిది ఉంటే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. గడ్డి ఉన్నచోట దీపం, కొవ్వొత్తి, దోమలచుట్ట పెట్టకూడదు.

కొందరు ఇప్పుడు గాలి ఊదే పరుపులు తెస్తున్నారు. అవి మెత్తగా ఉంటాయిగాని లోపలి గాలి కదులుతూ వేడిని నేలకు చేరవేస్తుంది. పైన ఒక రగ్గు పరచుకుంటే ఆ చలి తగ్గుతుంది. నులక మంచానికీ అదే లెక్క. కింద నుండి గాలి వీస్తుంది గనుక బొంత ముందు ఒంటి కింద ఉండాలి.

కప్పుకోవడానికి ఒక్క బరువైన దుప్పటి కంటే రెండు మూడు పలుచనివి మేలు. వాటి మధ్య గాలి నిలిచి వెచ్చదనమిస్తుంది. మంచుకు తడిసిన నూలు దుప్పటి చల్లబడిపోతుంది. ఉన్ని కొంచెం తడిసినా వెచ్చదనం నిలుపుకుంటుంది. తెలంగాణలో దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడి కాపరుల ఒంటిమీద ఉండడానికి కారణం అదే.

చలి అని డేరాను పూర్తిగా మూసేయకండి. మన ఊపిరిలోని చెమ్మ లోపలే చేరి, తెల్లవారేసరికి పైకప్పు నుండి పక్కలమీద చుక్కలుగా పడుతుంది. గాలి వీచని వైపు కొంచెం తెరిచి ఉంచండి. కుంపటి మాత్రం ఎట్టి పరిస్థితిలోను లోపల పెట్టవద్దు. బొగ్గుల నుండి వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నేలమీద పడుకునేవారికి దోమతెర అవసరం. దాని అంచులు పక్క కిందికి దోపితే దోమలే కాదు, రాత్రివేళ తిరిగే కట్లపాము కూడా లోపలికి రాలేదు. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. అనుమానం వస్తే నాటువైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చంటిబిడ్డలను గట్టి చదునైన పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టండి. దిండు వద్దు. దుప్పటి ముఖంమీదికి రాకుండా చూడండి.

ఇదంతా శరీర సుఖమే కదా, కాపరి దీన్ని రాయాలా అని కొందరు అడగవచ్చు. నిర్గమకాండము 22వ అధ్యాయం 26, 27 వచనాలు తీసి చూడండి. పొరుగువాని వస్త్రం తాకట్టు పట్టినవాడు సూర్యాస్తమయంలోగా తిరిగి ఇవ్వాలి. ఎందుకంటే ఆ పేదవానికి రాత్రి కప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. పేదవాని పక్క గురించి దేవుడు ధర్మశాస్త్రంలోనే రాయించాడు.

సభలకు రావడం మానేసిన వృద్ధులు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వారి విశ్వాసం చల్లారిందని తొందరపడి అనకండి. చల్లబడింది వారి నడుము కావచ్చు. నేలమీద కూర్చుని లేవలేని మోకాళ్లు కావచ్చు. ఇంటికెళ్లి అడిగి చూడండి.

వక్తలకు మంచాలు వేయడం మంచి మర్యాదే. నేనూ అనేక సభల్లో ఆ మంచం మీద పడుకున్నవాడినే. కానీ ఊళ్లో దొరికేవి ఆరు మంచాలే అయితే, అవి ముందు వృద్ధులకు, గర్భిణీ స్త్రీలకు, జబ్బు నుండి లేచినవారికి వెళ్లాలి. మావంటి వక్తలకు చాప కింద జానెడు గడ్డి ఉంటే చాలు. సంఘపెద్దలారా, ఈసారి సభల కరపత్రం అచ్చుకు ఇచ్చేముందే అలాంటివారి పేర్లు ఒక కాగితంమీద రాసుకోండి. ఎన్ని మోపుల గడ్డి, ఎన్ని బొంతలు, ఎన్ని మంచాలు కావాలో దాన్నిబట్టి లెక్క తేలుతుంది. వానపడితే గడ్డి తడుస్తుంది గనుక రెండు రోజుల ముందే తెచ్చి కప్పు కింద పెట్టించండి.