ఎడమ కన్ను (9వ భాగం)

కుడికన్ను బాగుండటమే నాకొచ్చిన చిక్కు. చెడిన కన్ను చేయాల్సిన పని కూడా అదే చేస్తుంటే, చెడినట్టు ఎలా తెలుస్తుంది? ఒక మునిమాపు వేళ కుడికంట్లో నలుసు పడి మూసుకున్నాను. ఎదురుగా ఉన్న రోడ్డు లేదు.

రెటినైటిస్ పిగ్మెంటోజా అన్నారు. రేచీకటితో మొదలై, పక్కల చూపు తగ్గిపోతూ, చివరికి గొట్టంలోంచి చూసినట్టు మిగులుతుంది. మామూలుగా రెండు కళ్లకీ వస్తుంది. ఒక్క కంటికే రావడం చాలా అరుదు. అందుకే డాక్టర్లు ఊరికే నమ్మరు. 1952లో ఫ్రాంస్వా, వెర్రియెస్ట్ అనే ఇద్దరు పెట్టిన షరతులున్నాయి: రెండో కన్ను కనీసం 5 ఏళ్లు చెక్కుచెదరకుండా ఉండాలి, ఇలాగే కనిపించే వేరే కారణాలేవీ ఉండకూడదు.

"కంట్లో ఎప్పుడైనా ఇనప ముక్క పడిందా?" అని అడిగింది డాక్టరమ్మ. ఇనప రజను కంటి లోపల ఉండిపోతే మెల్లగా రెటీనాను తినేస్తుందట, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుందట. నాకు నవ్వొచ్చింది. సెలవులొస్తే నాన్నతో క్వారీకి పోయి సుత్తి పట్టినవాణ్ణి. మా వాడలో కంట్లో రవ్వ పడని మనిషెవరు? ఏ రోజు ఏం పడిందో ఎవరు రాసిపెట్టారు? అమ్మ చీరకొంగు ముడిచి, ఊది, కంటికి అద్దేది. మా కేసు షీటు అంతే. సీటీ తీశారు. ఏమీ లేదు.

తర్వాత సిఫిలిస్ పరీక్ష. అది కూడా రెటీనాను ఇలాగే పాడు చేస్తుంది, పరీక్ష రాయడం న్యాయమే. కానీ రక్తం తీసే మనిషి ముందు ఊరు అడిగాడు, ఊళ్లో ఎటువైపని అడిగాడు, ఆ తర్వాత "నువ్వు" అన్నాడు. నెగటివ్ రిపోర్టు ఇస్తూ అతను పడిన ఆశ్చర్యం నాకింకా గుర్తుంది.

సర్టిఫికెట్ సంగతి కూడా అడుగుతున్నారు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే లెక్క 30 శాతం. 2016 చట్టం ప్రకారం రిజర్వేషన్‌కు 40 కావాలి. కుర్చీలో కూర్చునే నాకు సరే. పరంజా ఎక్కే తాపీమేస్త్రికి ఎడమవైపు అంచు కనబడకపోతే అది ఎన్ని శాతం?

నాకిది మూడో ఏడు. కంటికి మెరుపులు చూపించి రెటీనా కరెంటు కొలిచే ఈఆర్జీలో ఎడమకన్ను గీత దాదాపు పడుకుంది, కుడిది ఇంకా లేస్తోంది. ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాలి. ఈసారి కంకర మిల్లు నుంచి ఇద్దరు తమ్ముళ్లు కళ్లు చూపించుకోవడానికి నాతో వస్తామన్నారు. ఆ రోజు కూలి ఎలా సర్దాలో చూస్తున్నాం.