గుంటూరు మిర్చి యార్డు: ఆగగలిగినవారికే దక్కే ధర

గుంటూరు మిర్చి యార్డులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ముమ్మరంగా సాగే కొనుగోళ్లను పరిశీలించినవారికి, ఎగుమతి సొమ్ము సాగుదారుల మధ్య ఎంత ఎక్కువతక్కువలుగా పంపకమవుతుందో అక్కడే చాలావరకు బోధపడుతుంది. కమీషన్ దుకాణాల ముందు టిక్కీలు, అనగా మిర్చి బస్తాలు, వరుసలుగా పేర్చి ఉంటాయి. కొనుగోలుదారు గుప్పెడు కాయలు తీసి రంగును, తేమను, తాలును, అంటే రంగు వెలిసి మచ్చపడిన కాయల పాలును, చూసి ధర చెబుతాడు. సన్నగా, మిక్కిలి ఘాటుగా ఉండే తేజ రకానికి చైనా వంటి దేశాలలో గిరాకీ ఉండటం వల్ల, అక్కడి కొనుగోళ్లు పెరిగినా తగ్గినా ఆ ప్రభావం ఈ టిక్కీల మీద పడుతుంది.

అయితే గిరాకీ పెరిగినప్పుడు లాభపడేది ప్రధానంగా సరుకును ఆపుకోగలిగినవారే. యార్డు పరిసరాల్లోని శీతల గిడ్డంగులలో కాయ రంగు చెడకుండా నెలల తరబడి నిలుస్తుంది కనుక, సొంత భూమీ చేతిలో కొంత డబ్బూ ఉన్న రైతు, వ్యాపారి మంచి ధర వచ్చేదాకా వేచి ఉండగలరు. కౌలు రైతుకు, అంటే ఇతరుల భూమిని అద్దెకు తీసుకుని సాగుచేసే రైతుకు, ఆ వెసులుబాటు అరుదు; కౌలు, ఎరువులు, పురుగుమందుల కోసం కమీషన్ వ్యాపారి వద్ద తెచ్చిన అప్పు తీర్చేందుకు, కల్లంలో కాయ ఎండగానే అదే దుకాణానికి తోలవలసి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు 11 నెలల ఒప్పంద పత్రం కల్పించినా, దానికి యజమాని సంతకం అవసరం కావడంతో అనేకులకు బ్యాంకు రుణం అందని ద్రాక్షగానే ఉంది.

కోత కూలీల స్థితి ఇంకా అడుగున ఉంది. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలతో సహా వలస వచ్చి, పిల్లల చదువు మధ్యలో ఆపించి కాయ కోసే వారి కూలి ఎగుమతి ధరతో ముడిపడి ఉండదు. ధర పడిపోయినప్పుడు మాత్రం నష్టం కిందికే దిగుతుంది. మిర్చి ధరలు పడిపోయిన 2025 ఫిబ్రవరిలో, అలాంటప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ఖరారు చేయవలసి రావడం ఆ సంక్షోభ తీవ్రతకు నిదర్శనం.

ఎగుమతిని తగ్గించడం ఈ అసమానతకు పరిష్కారం కాదు. దున్నేవాడి పేరున రుణం, గిడ్డంగిలో నిల్వచేసిన సరుకుపై అప్పు, కూలికి న్యాయమైన కనీస రేటు అమలైనప్పుడే, తన కాయను తానే ఆపుకోగల శక్తి కౌలు రైతుకు దక్కి, విదేశీ గిరాకీ పల్లెకంతటికీ మేలవుతుంది.