బాడుగిల్లు

మా నాయన బండలు కోసేవాడు. బేతంచెర్ల పక్క నాపరాళ్ళ గనుల్లో ముప్పై ఏండ్లు అదే పని. ఆయన కోసిన బండలు పాలిష్ పట్టించుకొని, లారీలెక్కి, యాడాడికో పోయి ఎవురెవురి ఇండ్లల్లోనో పరుచుకున్యాయి. మా ఇంట్లో మాత్రం పేడతో అలికిన నేల. మాదిగగేరిలో చివరి చౌడుమిద్దె మాది. వానొస్తే మా అమ్మ నాలుగు చోట్ల గిన్నెలు పెట్టేది. అప్పుడు మాది కర్నూలు జిల్లా. 2022లో జిల్లాలు చీల్చినాక నంద్యాల జిల్లా అయింది. జిల్లా మారింది గానీ గేరి ఉన్నచోటే ఉంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి నేనే. కర్నూల్లో ఆ మూడేండ్లూ సంక్షేమ హాస్టల్లో గడిచిపాయె. బాడుగిల్లంటే ఏందో నాకు తెలిసింది 2010లో, కడపలో బీఈడీ సీటు వచ్చినప్పుడు. హాస్టల్లో చోటు దొరకలేదు. ఒక దినం కూలి పోగొట్టుకొని నాయన నాతోపాటు రూము వెతకడానికొచ్చినాడు.

ఒక ఇంటి గేటుకు టూలెట్ బోర్డు వేలాడుతాంది. ఇంటామె బయటికొచ్చింది. ఎంతమంది ఉంటారు, ఏం చదువు అని అడిగింది. బీఈడీ అంటే మొగం కొంచెం విప్పారింది. రూము తాళం కూడా చేతిలోకి తీసుకొనింది. అప్పుడడిగింది:

"మీరేమోళ్ళు?"

నాయన భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్యాడు. "మీరేమనుకోకుంటే తల్లీ, మాదిగోళ్ళం" అన్న్యాడు.

"అయ్యో, మా చుట్టాలొస్తామన్నారు, ఆ రూము వాళ్ళకి కావల్ల" అంటా ఆమె తాళం లోపలికి తీసుకపాయె. వారం దినాలకు అదే దావన పోతే ఆ బోర్డు అట్లనే ఉంది.

రెండో ఇంట్లో శాకాహారులకే ఇస్తామన్నారు. ఆ ఇంటి పెరట్లో కోళ్ళు తిరుగుతాండాయి. ఇప్పుడు నేను సోషల్ టీచర్ని. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం అంటరానితనం పేరు చెప్పి ఒకరిని ఇంట్లో ఉండనీయకపోవడం నేరమని పిల్లోళ్ళకు చెప్తాను. చెప్పేటప్పుడు ఆ కోళ్ళు యాదికొస్తాయి. ఏ ఇంటాయనా నీ కులానికి ఇయ్యనని నోటితో అనడు. చుట్టాలంటాడు, శాకాహారమంటాడు, పెండ్లికానోళ్ళకు ఇయ్యమంటాడు. చట్టానికి సాక్ష్యం కావల్ల. చుట్టాలు సాక్ష్యానికి రారు.

మూడో ఇంట్లో నేనే అబద్ధమాడినాను. నాయన లేడు కాబట్టి ఆడగలిగినాను. ఇంకో కులం పేరు చెప్పినాను. రూము దొరికింది. అయిదు నెలలు ఆ కులమోని మాదిరిగా బతికినాను. ఎవురన్నా ఇంటిపేరు అడిగితే గొంతు ఎండుకపోయేది. కూర వాసన బయటికి పోకుండా కిటికీ మూసేవాణ్ణి. అయిదో నెలలో నాయన జొన్నపిండి, శనక్కాయలు మూటగట్టుకొని చెప్పకుండా వచ్చినాడు. ఇంటాయన గేటుకాడ నిలబెట్టి, "ఎవురు ఇతను?" అని నన్ను అడిగినాడు.

"మా ఊరాయన" అన్న్యాను.

నాయన విన్న్యాడు. ఏమీ అనలేదు. మూట గేటుకాడనే పెట్టి, "మీ నాయన ఇచ్చిరమ్మన్న్యాడు సామీ" అని నాకే చెప్పి, మళ్ళీ బస్సెక్కినాడు. నన్ను సామీ అన్న్యాడు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేను. ఆ నెలాఖరుకే రూము ఖాళీ చేసి, ఆరుమంది పడుకునే ఒక స్నేహితుల గదిలో మూలకు చేరినాను.

తర్వాత్తర్వాత అంబేద్కర్ తన గురించి రాసుకున్నది చదివినాను. 1917లో, అమెరికాలో చదివొచ్చిన మనిషి, బరోడా సంస్థానంలో కొలువుకు పోతే ఉండడానికి ఇల్లు దొరకలేదు. పార్శీ పేరు పెట్టుకొని పార్శీల సత్రంలో దిగినాడు. పదకొండో దినం కట్టెలు పట్టుకొని వచ్చి ఖాళీ చేయమన్నారు. ఆ పేజీలు చదివి చాలాసేపు కూర్చుండిపోయినాను. ఆయన్ని వేరేవాళ్ళు వెళ్ళగొట్టినారు. నేను మా నాయన్ని నేనే వెళ్ళగొట్టినాను.

డీఎస్సీ రాసి 2016లో కర్నూలు జిల్లాలో స్కూల్ అసిస్టెంట్‌గా చేరినాను. నాయన మొదటి జీతం చూసినాడు. మరుసటేడు ఆయాసంతో పోయినాడు.

స్టాఫ్‌రూములో పెద్ద సార్లు రిటైరైనాక వచ్చే పెన్షన్ గురించి మాట్లాడుకుంటా ఉంటారు. 2004 సెప్టెంబరు ఒకటి తర్వాత చేరిన మాకు ఆ పాత పెన్షన్ లేదు. సీపీఎస్ అని చెప్పి బేసిక్, డీఏ కలిపి నూటికి పది రూపాయలు కోస్తారు. మా ఇంట్లో వెనక భూమి లేదు, బంగారం లేదు, పట్నంలో చుట్టం లేడు. ముసలితనంలో ఆధారమేందని ఆలోచిస్తే రెండు గదులు కట్టి బాడుగకిచ్చే ఆలోచన వచ్చింది. కర్నూలు బాడుగల మీద బతకనేర్చిన ఊరు. 1953 అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులకే ఇండ్లు చాలక డేరాలేసినారు. మూడేండ్లకు రాజధాని పోయింది గానీ, చదువులకు, ఆస్పత్రులకు, కోర్టులకు వచ్చే జనం ఆగలేదు.

అయితే డబ్బు లేనోడు ఇల్లు కట్టాలంటే తెలుసుకోవాల్సింది శానా ఉంటుంది. మొదట మా ఊర్లో గవర్నమెంటు ఇచ్చిన ఇంటిపట్టా మీద అప్పు అడిగినాను. అసైన్డ్ పట్టా అమ్మడానికి లేదని 1977లో చట్టం చేసినారు. మన భూమి మన చేతిలోంచి జారిపోకుండా చేసిన చట్టమే అది, మంచిదే. కానీ అమ్మడానికి లేని జాగా అని నేనడిగిన బ్యాంకు దాన్ని తాకట్టు పెట్టుకోలేదు. పేదోనికిచ్చిన కాగితం పేదోనికి అప్పు పుట్టించలేదు. కర్నూలు అంచున కూడా అట్లాంటి పట్టాలను నోటరీ కాగితం మీద సగం ధరకు అమ్మజూపినారు. ఆశపడినాను. లింకు డాక్యుమెంట్లు ఇయ్యి, ముప్పై ఏండ్ల ఈసీ తీపిస్తానంటే అమ్మేటాయన మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

ఇంకో చోట హంద్రీ దగ్గర్లో చవగ్గా వచ్చింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడినప్పుడు నేను కర్నూల్లోనే డిగ్రీ చదువుతాండాను. నీళ్ళు తీసినాక గోడల మీద మిగిలిన బురద గీత నా తలకంటే ఎత్తున ఉండె. ఆ గీత గుర్తుంది కాబట్టి ఆ జాగా వద్దన్న్యాను.

2018లో మెరక మీద రెండు సెంట్లు కొన్న్యాను. చీటీ ఎత్తి, దాచుకున్నది కలిపి, 4,80,000. రిజిస్ట్రేషన్‌కు నూటికి ఏడున్నర చొప్పున ఇంకో 36,000. కట్టడానికి బ్యాంకులో ఎనిమిది లక్షలు పదిహేనేండ్ల అప్పు. బోరుకు, మీటర్లకు 84,000 చేతి డబ్బు. మొత్తం పద్నాలుగు లక్షలు. ఒక్కొక్కటి హాలు, వంటిల్లు, బాత్రూము ఉండేటట్టు పక్కపక్కన రెండు పోర్షన్లు. బేల్దారి మేస్త్రీ ఒకే మీటరుతో సరిపెడదామన్న్యాడు, నేను వినలేదు. కరెంటు యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. రెండిండ్లు ఒక మీటరు మీద కాలిస్తే ఇద్దరికీ ఎక్కువ పడుతుంది, నెలనెలా తగాదా. నేలకు టైల్స్ వద్దని బేతంచెర్ల బండలే తెప్పించినాను. అమ్మ వంగి ఒక బండను చేత్తో తడిమి, "ఇవి మీ నాయన గనివేనా?" అనడిగింది. నాకు తెలీదన్న్యాను.

ఒక బండ మీద 'భీమ్ నిలయం' అని చెక్కించి గేటుకు పెట్టినాను.

ఒక పోర్షన్‌కు ఆటో నడిపే సాయిబు కుటుంబం వచ్చింది. రెండోది మూడు నెలలు ఖాళీ. వచ్చినోళ్ళు గదులు చూసి బాగుండాయనేది, నీళ్ళు చూసి బాగుండాయనేది, పోతా పోతా గేటు మీద పేరు చూసి, "ఇంటాయన ఏమోళ్ళు?" అని పక్కింట్లో అడిగేది. తిరిగి వచ్చేది లేదు. బాడుగ కోసం పోయినప్పుడూ అదే ప్రశ్న, బాడుగకిచ్చేటప్పుడూ అదే ప్రశ్న. మా స్కూల్లో ఒక సారు మంచికే చెప్పినాడు: "ఆ బండ తీసేయ్ సార్, ఏ వెంకటేశ్వర నిలయమో పెట్టు. నెలకు మూడున్నర వేలు ఊరికే పోతాండాయి కదా." అప్పు వాయిదా ఎనిమిది వేల నూరు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తీసేద్దామనే అనుకున్న్యాను. తెల్లారి గేటుకాడికి పోయి నిలబడితే జొన్నపిండి మూట యాదికొచ్చింది. ఒకసారి దాచింది చాలు అనుకొని వెనక్కొచ్చినాను.

నాలుగో నెలలో ఒక చిన్న కుటుంబం వచ్చి చేరింది. ఇంతలో 2020 మార్చిలో లాక్‌డౌన్. ఆటో నిలబడిపాయె. ఆ అన్న మొగం దించుకొని, "సార్, ఈ నెల..." అన్న్యాడు. రెండు నెలల బాడుగ వదిలేసినాను. రిజర్వ్ బ్యాంకు వాయిదాలు కట్టకుండా ఆపుకోవచ్చన్నది, ఆగస్టు దాకా. ఆగింది వాయిదానే గానీ వడ్డీ ఆగలేదు. అది ముందే లెక్కేసుకొని జీతంలోంచి కట్టుకుంటా వచ్చినాను.

ఇప్పుడు అందరికీ చెప్పే లెక్క ఇది. రెండు పోర్షన్లు కలిపి నెలకు ఏడు వేలు, ఏడాదికి 84,000. ఏడాదిలో ఒక నెల ఖాళీ పడుతుందని ఏడు వేలు తీసేయ్. సున్నం, మోటారు, పన్ను ఇంకో ఏడు వేలు. చేతికి 70,000. పద్నాలుగు లక్షల మీద నూటికి అయిదు. బ్యాంకులో వేసుకున్నా ఎంతో కొంత వడ్డీ వస్తుంది. వాయిదా తీరేదాకా ఏడాదికి ఇరవై ఏడు వేలు జీతంలోంచే పడుతుంది. అడ్వాన్సు మన డబ్బు కాదు, అది అప్పు. వేరే ఖాతాలో పెట్టాల. బాడుగలతో కోటీశ్వరులైతారని చెప్పేవాళ్ళని నమ్మి, మనోళ్ళు ఎవురూ అప్పు మీద అప్పు చేయొద్దు.

ఇంకొక్కటి చెప్పాల. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

2022లో ఆ చిన్న కుటుంబం ఖాళీ చేసినాక ఒకామె ఎనిమిదేండ్ల ఆడపిల్లను వెంటబెట్టుకొని వచ్చింది. ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే కాంట్రాక్టు పని. మొగుడు లేడు. గదులు చూసింది. అమ్మ కూడా అప్పుడు అక్కడే ఉంది. ఎంతమంది అని అడిగినాను, జీతం ఎప్పుడు పడుతుందని అడిగినాను. ఆ తర్వాత నా నోట్లోంచి వచ్చింది:

"మీరేమోళ్ళమ్మా?"

ఎందుకడిగినానో ఎంత ఆలోచించినా తెలీలేదు. ఇంటాయన మాటలన్నీ నాకు కంఠస్థం అయిపోయినాయేమో. ఆమె బిడ్డను దగ్గరికి లాక్కొని, "మీరేమనుకోకుంటే సార్..." అని మొదలుపెట్టింది.

ఆమెను చెప్పనీయలేదు అమ్మ. "నువ్వేం చెప్పొద్దు తల్లీ, సామాన్లు తెచ్చుకో" అనింది. నా పక్క తిరిగి, "మీ నాయనుంటే ఈ ఇంట్లోకి రానిస్తావా రేయ్?" అనడిగింది. కడపలో జరిగింది నేనెప్పుడూ అమ్మకు చెప్పలేదు. నాయనే చెప్పినాడని అప్పుడే తెలిసింది.

ఆమె ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. బాడుగ ఐదో తేదీకి తప్పదు. పాప నా దగ్గరికి సోషల్ చెప్పించుకోవడానికి వస్తుంది. బండ మీద పేరు వేలితో దిద్దుకుంటా, "భీమ్ అంటే ఎవురు సార్?" అనడిగింది ఒకనాడు. చెప్పినాను. బరోడా సత్రం సంగతి కూడా చెప్పినాను.

"మరి ఆ రాత్రి ఆయన యాడ పడుకున్యాడు సార్?" అనడిగింది.