250 గదుల ఇంట్లో మేమిద్దరం

అమెరికా వచ్చిన తల్లిదండ్రులకి నయాగరా, న్యూయార్క్ చూపించడం ఒక ఆనవాయితీ. మా అమ్మాయి ఉండేది షార్లెట్‌లో కాబట్టి మాకు వాటికంటే ముందు బిల్ట్‌మోర్ రాసిపెట్టి ఉంది. అదే రాష్ట్రంలో, ఆష్‌విల్ ఊరి దగ్గర, బ్లూ రిడ్జ్ కొండల మధ్య ఉంది ఆ భవంతి. అమెరికా మొత్తమ్మీద సొంత మనుషుల చేతుల్లో ఉన్న ఇళ్లలో ఇదే పెద్దదట. "పిల్లాడితో అన్ని మెట్లు ఎక్కలేం, మీరిద్దరే చూసి రండమ్మా" అని అమ్మాయీ అల్లుడూ తోటల వైపు వెళ్లిపోయారు. పెళ్లయిన 36 ఏళ్లలో మేమిద్దరమే ఇంత తీరిగ్గా ఒకచోట తిరిగింది ఎప్పుడో నాకైతే గుర్తులేదు.

కట్టించినాయన జార్జ్ వాండర్‌బిల్ట్. తాతగారు ఓడల మీదా రైళ్ల మీదా సంపాదించిన డబ్బు. 1889లో పని మొదలుపెట్టి, 1895 క్రిస్మస్ ముందురోజు బంధుమిత్రుల్ని పిలిచాడు. మన లెక్కలో గృహప్రవేశం. అప్పటికింకా బ్రహ్మచారి! 250 గదులు, 35 పడకగదులు, 65 ఫైర్‌ప్లేసులు, 43 బాత్రూములు. ఈ చివరి అంకె చెవిలో పడగానే మావారి వైపు చూశాను. ఆయన పైకప్పు చూడ్డం మొదలుపెట్టారు.

ఎందుకో చెప్పాలి. అమలాపురం దగ్గర మా అత్తగారిల్లు మండువా లోగిలి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఫొటోలు తీసుకోడానికి మరీను. స్నానాలగది మాత్రం పెరట్లో, నూతికి అవతల. ముసురు పట్టిన రోజుల్లో చంటిదాన్ని చంకనేసుకుని, గొడుగు పట్టుకుని తొమ్మిదేళ్లు తిరిగాను. ఇప్పుడా ఇంటికి తాళం. బేరం వచ్చింది, అమ్మేద్దాం అన్నయ్యా అని మా మరిది ఫోన్ చేసి పదిరోజులైంది. ఈయన అవుననరు, కాదనరు. రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నారు.

భోజనాల హాలు పైకప్పు 70 అడుగుల ఎత్తు. అక్కడ కూర్చుని ఉప్పందుకోమంటే వినపడుతుందా అనిపించింది. లైబ్రరీలో పదివేల పుస్తకాలు. ఈయన్ని అక్కణ్ణుంచి కదిలించడానికి పావుగంట పట్టింది. పైన మొగుడిది ఒక పడకగది, పెళ్లానిది ఒకటి, మధ్యలో ఇద్దరూ కూర్చునే గది. "బావుంది కదోయ్, గురక గొడవుండదు" అన్నారు. నాకూ నచ్చిందిలెండి.

నేను ఎక్కువసేపు నిలబడింది కింద, బేస్‌మెంట్లో. అక్కడ వంటిళ్లే మూడు: అసలు వంటకొకటి, కేకులకీ రొట్టెలకీ ఒకటి, మాంసం కాల్చడానికి ఒకటి. బట్టలారేసే దండేలు గోడలోంచి సొరుగుల్లా లాక్కునేలా పెట్టారు. పక్కనే పనివాళ్ల చిన్నచిన్న గదులు, ఒక్కో మంచం. పైన గంట నొక్కితే ఇక్కణ్ణుంచి పరిగెత్తాలి. పై అంతస్తుల షాండ్లియర్ల కింద ఫొటోలు దిగినవాళ్లు ఇక్కడ మాత్రం గబగబా నడిచిపోతున్నారు. ఇంత ఇంటిని ఇల్లుగా ఉంచింది ఈ గదులే కదా!

తర్వాత కథే నన్ను పట్టుకుంది. జార్జ్ 1898లో పారిస్‌లో ఈడిత్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఒక్కతే కూతురు. 1914లో అపెండిసైటిస్ ఆపరేషన్ తర్వాత ఆయన పోయాడు, 51 ఏళ్లకే. ఆవిడ సుమారు 87 వేల ఎకరాల అడవిని ప్రభుత్వానికి అమ్మేసింది. ఇవాళ్టి పిస్గా నేషనల్ ఫారెస్ట్‌కి పునాది అదే. 1930లో జనానికి తలుపులు తీశారు. ఇల్లు ఇప్పటికీ వారసులదే, టిక్కెట్ల మీదా, వైన్ మీదా నడుస్తోంది.

వెనక వరండాలో కుర్చీలుంటే కూలబడ్డాం. ఎదురుగా అంతా ఆ అడవే.

"పోనీ, కొబ్బరితోటలో నా వాటా అమ్మి ఇల్లు బాగు చేయిద్దామా?" అన్నారు, కొండలకేసి చూస్తూనే.

"బాగు చేయించి ఎవరుంటారండీ అందులో?"

"మనమే."

"మనమంటే? మీరు అరుగు మీద పేపరు చదువుతారు. లోపల నేను."

మాట్లాడలేదు. నేనూ ఊరుకోదలుచుకోలేదు. ఆ ఇంటి మీద నాకు ప్రేమ లేదని కాదు, మా అమ్మాయి అక్కడే నడక నేర్చింది. కానీ వాళ్లకి వరండా గుర్తొచ్చినప్పుడల్లా నాకు నుయ్యి గుర్తొస్తుంది. ఇదంతా నెమ్మదిగానే చెప్పాను. పక్కన ఎవరో తెల్లాయన మాకేసి చూసి నవ్వాడు. భాష రాకపోయినా విషయం తెలిసినట్టుంది.

ఆ రాత్రి ఈయనే మా మరిదికి ఫోన్ కలిపారు. "ఒరేయ్, సంక్రాంతి దాకా బేరం ఆపు. పెంకులు తిరగనేయడానికి ఎంతవుతుందో మేస్త్రిని కనుక్కో. ఆఁ, ఇంకోటి..." అని నా వైపు చూశారు. నేను రెండు వేళ్లు చూపించాను.

"ఇంట్లోపల రెండు బాత్రూములు. అది ముందు అడుగు. తర్వాతే పెంకులు."