కోతీ వస్తానంది, ఆవూ వస్తానంది

ఏమండోయ్, మీ ఇంట్లో ఐదేళ్ల బుడతలెవరైనా ఉన్నారా? లేకపోతే పక్కింటి నుంచి పిలుచుకురండి, ఏం ఫర్వాలేదు. ఈ రాత్రికి వాళ్లకి ఒక కథ కాదు, రెండు చెప్పాలి. కొత్తవి వద్దు. మీరు ఒక్క మాట మింగేసినా "అలా కాదు!" అని మీద పడేంత పాతవి కావాలి. ఏమవుతుందో అన్న ఆత్రం ఉన్నంతసేపూ పిల్లలు పక్కకి చూడరు మరి. అది తీరాకే ఈ కథలోవాళ్లనీ ఆ కథలోవాళ్లనీ పక్కపక్కన నిలబెట్టి చూస్తారు.

మొదటిది కోతి-మొసలి. పంచతంత్రంలోది, మీకు తెలిసిందే. స్నేహితుడైన కోతిని విందుకని వీపెక్కించుకుని, నడి నీళ్లలో "మా ఆవిడకి నీ గుండెకాయ కావాలిట" అంటుంది మొసలి. "అయ్యో, చెట్టు మీద పెట్టి మర్చిపోయానే! పద, తెచ్చుకుని వద్దాం" అంటుంది కోతి. రెండోది ఆవు-పులి. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో ఎంతో ప్రేమగా చెప్పిన కథ. కన్నడ పిల్లల పుణ్యకోటి కూడా ఇదే. దూడకి పాలిచ్చి వచ్చేస్తాను, అప్పుడు తిందువుగాని అంటుంది ఆవు.

ఈ రెంటికీ పోలికేమిటి? ఆగండాగండి, మీరు చెప్పకండి! పెద్దవాళ్లతో ఇదే గొడవ, నోరాగదు. పిల్లల్ని చెప్పనివ్వండి.

ముందు తోక అంటారు. కోతికీ తోకుంది, ఆవుకీ తోకుంది. నవ్వకండి, పోలికే కదా! తర్వాత రెంటినీ తినేద్దామనుకున్నారు అంటారు. భేష్. అప్పుడు మెల్లిగా అడగండి: కోతి మొసలితో ఏమంది? ఆవు పులితో ఏమంది? కాసేపు గోళ్లు కొరుకుతారు. ఉన్నట్టుండి ఒకరు ఎగిరి గంతేస్తారు: "రెండూ ఇంటికెళ్లి వస్తామన్నాయి!"

ఇక చూడండి తగాదా. కోతి రాలేదుగా, అబద్ధమాడింది అని ఒకరు. ముందు మొసలే ఆడిందిగా అని ఇంకొకరు. ఈ గొడవలోనే ఓ గడుగ్గాయి అడుగుతుంది: మొసలి ఫ్రెండు కదా, దానికి అబద్ధం చెప్పి, ఎవరో తెలియని పులికి నిజం చెప్పడమేంటి? ఐదేళ్లండీ దానికి! ఇలాంటి ప్రశ్న పుట్టే చోట "ఇందులో నీతి ఏమిటంటే" అంటూ అడ్డొచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కుదురుగా కూర్చోరా? ముగ్గుపిండితో నేల మీద రెండు పెద్ద సున్నాలు గియ్యండి, ఒకదాని అంచు ఇంకోదాని మీదికి ఎక్కేలా. ఒకటి కోతిది, ఒకటి ఆవుది. "ఇంట్లో బిడ్డ ఎదురుచూస్తోంది" అనగానే ఆవు సున్నాలోకి పరుగు. "ప్రాణం దక్కింది" అంటే అందరూ మధ్యలోకి! అన్నట్టే తిరిగొచ్చిన ఆవుని పులి మనసు కరిగి వదిలేసిందిగా. ముగ్గంతా కాళ్లకంటుకుంటుంది. తుడుచుకోవచ్చు లెండి.

అన్నట్టు, అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ అనే బడి చదువుల ప్రమాణాల్లో కిండర్‌గార్టెన్ పిల్లలకి అచ్చంగా ఈ పనే ఉంది. తెలిసిన కథల్లో ఎవరికేం జరిగిందో పోల్చాలి, తేడాలు చెప్పాలి. పెద్దవాళ్లు అందించవచ్చు, సాయపడవచ్చు. మీ మనవరాలు అమెరికాలో ఉంటే వీడియో కాల్‌లో ఆవు-పులి అందుకోండి మరి, ఆలస్యమెందుకు?

రెండు కథలకి ఓపిక లేదా? ఏడుచేపల కథ ఒక్కటీ చాలు. ఎందుకు ఎండలేదంటే చేప గడ్డిమోపు మీద చెప్పింది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద. మరి చీమ? అది మాత్రం ఎవరి మీదా చెప్పలేదు! కుట్టాను, నా పుట్టలో వేలెందుకు పెట్టాడు అంది. మిగతావాళ్లకీ చీమకీ ఉన్న ఆ తేడా పట్టుకున్నప్పుడు పిల్లల మొహాలు చూడాలి మీరు.

రేపటికి రెండు కుందేళ్లని పెట్టుకోండి. ఒకటి సింహాన్ని నూతిలో దూకించింది, రెండోది తాబేలుతో పందెం కట్టి నిద్రపోయింది. రెండూ ఆలస్యంగానే చేరాయి. ఒకటి నెగ్గింది, ఒకటి ఓడింది. ఎందుకో మీకు తెలుసు. పిల్లల ముందు మాత్రం తెలియనట్టే ఉండాలి, సరేనా?